పని ఒకరిది, పేరు ఒకరిది

మొన్న తపస్కాలంలో ఒక ఆదివారం దివ్యపూజ ముగిశాక గుడి బయట చెట్టు నీడన నిలబడి ఉంటే ఒక అమ్మాయి నా దగ్గరకు వచ్చింది. పెనుకొండ పిల్ల. వాళ్ళ నాన్న, నేను హిందూపురంలో ఒకే బెంచీ మీద కూర్చుని చదువుకున్నవాళ్ళం కాబట్టి నన్ను చిన్నాయనా అంటుంది. ఇప్పుడు ఒక పెద్ద నగరంలో పరిశోధన చేస్తోంది. పిల్లలకు వచ్చే రక్త క్యాన్సరు ఆమె విషయం.

"చిన్నాయనా, ఒక సందేహం. ఇది పాపసంకీర్తనంలో చెప్పుకోవలసిన సంగతో కాదో కూడా నాకు తెలియడం లేదు" అంది.

సంగతి ఇది. నాలుగేళ్ళ పని ఒక వ్యాసంగా తయారైంది. పత్రికకు పంపాలి. వ్యాసం పైన ఐదు పేర్లు ఉన్నాయి. మొదటి పేరు ఈ అమ్మాయిదే. ఐదింటిలో ఒకటి ఆ విభాగానికి పెద్దాయనది. ఆయన ఈ పని ముఖం కూడా చూడలేదట. లాబ్‌లో టెక్నీషియన్‌గా ఉన్న ఒక అక్క పేరు మాత్రం ఎక్కడా లేదు. పిల్లల దగ్గర తీసుకున్న రక్తపు నమూనాలు మొదటి ఏడాదంతా చెడిపోతూ ఉంటే, చెడిపోకుండా ఉంచే పద్ధతి కనిపెట్టి, ఫలితాలను తనే సరిచూసి, ఏది నమ్మదగినదో ఏది కాదో వేరు చేసి ఇచ్చింది ఆ అక్కేనట. గైడుగారిని అడిగితే "టెక్నీషియన్ల పేర్లు పెట్టే ఆనవాయితీ మనకు లేదమ్మా" అన్నారు. ఇంట్లో అడిగితే వాళ్ళమ్మ "నీ పేరుందిగా, ఇంకొకరి సంగతి నీకెందుకే" అంది. తెలిసిన పెద్దమనిషి ఒకాయన "పేరు కోసం పాకులాడకూడదు, వినయంగా ఉండాలి" అని సువార్త చెప్పాడు. "నోరు మూసుకుని ఉండడం వినయమా, పాపమా? అది చెప్పు చిన్నాయనా" అంది ఆ పిల్ల.

వెంటనే చెప్పలేకపోయాను. మూడు వారాలు పట్టింది. ఆమెకు చెప్పిన జవాబునే కొంచెం పెంచి ఇక్కడ రాస్తున్నాను. మన ఇళ్ళలో పరిశోధకులు ఎందరుంటారు, ఇది మనకెందుకు అనుకోవద్దు. పని ఒకరు చేసి పేరు ఇంకొకరు పెట్టుకోవడం మనకు తెలియని విషయం కాదు. ధర్మవరం వీధుల్లో ఎప్పుడైనా మగ్గం చప్పుడు వింటూ నడిచారా? ఇంట్లో ఆడవాళ్ళు కండెలు చుడతారు. అచ్చులు అతికేవాళ్ళు పోగు పోగూ పట్టుకుని అతుకుతారు. గుంటలో కాళ్ళు పెట్టుకుని రోజుల తరబడి నేసేవాడు ఒకడు. చీర బయటికి వచ్చాక అట్టపెట్టె మీద షాపు పేరు ఉంటుంది. పెళ్ళిలో "ఎంత బాగుంది, ఎక్కడ కొన్నారు?" అని అడుగుతారు గాని, "ఎవరు నేశారు?" అని అడిగినవారిని నేను చూడలేదు. హిందూపురానికి కూతవేటు దూరంలో లేపాక్షి ఉంది. గుడి కట్టించిన విరూపణ్ణ పేరు బడిపిల్లలకు కూడా తెలుసు. ఆ నందిని ఒక్క రాతిలో చెక్కినవాడి పేరు చెప్పమనండి!

వైద్యం సంగతికి వస్తే, ఈ ప్రశ్నకు తెలుగువారిలోనే ఒక పెద్ద ఉదాహరణ ఉంది. యల్లాప్రగడ సుబ్బారావుగారు. 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. మెట్రిక్యులేషన్ మూడవ ప్రయత్నంలో గట్టెక్కారు. సన్యాసం పుచ్చుకుందామనుకుంటే తల్లి ఒప్పుకోలేదు. మద్రాసు వైద్య కళాశాలలో చదివేటప్పుడు స్వదేశీ పట్టుదలతో ఖాదీ కోటు వేసుకుని ఆపరేషన్ గదికి వెళ్ళారు. దొర ప్రొఫెసరుకు కోపం వచ్చింది. దాంతో ఎం.బి.బి.ఎస్. రావలసిన చోట ఎల్.ఎం.ఎస్. అనే తక్కువ డిగ్రీతో సరిపెట్టుకోవలసి వచ్చింది. స్ప్రూ అనే పేగుల జబ్బు ఆయన సోదరులను పొట్టన పెట్టుకుంది. ఆ దుఃఖం ఆయనను జీవితాంతం వదల్లేదు. మామగారు ఇచ్చిన డబ్బు, కాకినాడ సత్యలింగ నాయకర్ ధర్మనిధి సహాయంతో 1923లో బోస్టన్ చేరారు. భార్య శేషగిరమ్మ ఇక్కడే ఉండిపోయింది. ఆయన తిరిగి రాలేదు. ఏ వైద్య పత్రికలోనూ ఆమె పేరు కనబడదు. కాని ఆ పనికి ఆమె చెల్లించిన మూల్యం ఎంతో ఆలోచించండి. కృతజ్ఞతల వరుసలో కూడా భార్యలు ఆఖరునే కదా వస్తారు!

హార్వర్డులో సైరస్ ఫిస్కే అనే ఆచార్యుడితో కలిసి 1925లో రక్తంలో భాస్వరం ఎంత ఉందో కొలిచే పద్ధతి ప్రచురించారు. దాన్ని నేటికీ ఫిస్కే–సుబ్బారావు పద్ధతి అనే అంటారు. 1927లో కండరాలలో ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థాన్ని, 1929లో ఎ.టి.పి. అనే, జీవకణానికి చిల్లర డబ్బులాంటి శక్తి పదార్థాన్ని వెలికితీశారు. అదే సంవత్సరం జర్మనీలో లోమన్ కూడా విడిగా దాన్ని కనుగొన్నాడు. ఈ రెండింటితో కండరం ఎలా పనిచేస్తుందన్న పాఠమే మారిపోయింది. ఇవి ప్రచురణలలో పేరు దక్కిన పనులు. దక్కని పనుల సంగతి తరువాతి తరంవారు చెప్పారు. 1988లో నోబెల్ బహుమతి అందుకున్న జార్జి హిచింగ్స్ ఒకప్పుడు అదే ప్రయోగశాలలో చదువుకున్నవాడు. సుబ్బారావు వేరు చేసిన కొన్ని పదార్థాలను ఫిస్కే, బహుశా అసూయతోనే, వెలుగు చూడనివ్వలేదనీ, వాటినే చాలా ఏళ్ళ తరువాత ఇతరులు మళ్ళీ మొదటినుంచి కనిపెట్టవలసి వచ్చిందనీ ఆయన చెప్పాడు. ఈ మాటను గుర్తుపెట్టుకోండి. దీనితో మనకు మళ్ళీ పని ఉంది.

హార్వర్డులో స్థిరమైన ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో న్యూయార్కు రాష్ట్రంలోని లెడర్లీ అనే మందుల కంపెనీలో చేరి, అక్కడ పరిశోధనకు పెద్దయ్యారు. పేగుల జబ్బుకు, రక్తహీనతకు పనికివచ్చే ఫోలిక్ ఆమ్లాన్ని 1940ల నడిమి భాగంలో ఆయన బృందం కృత్రిమంగా తయారు చేసింది. దీని వెనక కూడా ఒక నేతకథ ఉంది. 1920ల చివర లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టరమ్మ బొంబాయికి వచ్చి, అక్కడి బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భిణులకు రక్తం ఎందుకు తగ్గిపోతోందో పరిశోధించింది. ఈస్టుతో చేసిన మార్మైట్ అనే పదార్థం ఇస్తే వారికి రక్తం పట్టింది. అందులో ఉన్న ఆ తెలియని వస్తువే తరువాత ఫోలేట్ అని తేలింది. డాక్టరమ్మ పేరు ఆ వస్తువుకు కొంతకాలం ఉంది. రక్తం ఇచ్చిన మిల్లు ఆడవాళ్ళ పేర్లు ఎవరికీ తెలియవు. నేడు మన గర్భిణులకు ఆసుపత్రిలో ఇచ్చే ఎర్రటి ఐరన్ మాత్రలో ఫోలిక్ ఆమ్లం కూడా ఉంటుంది.

ఇక రక్త క్యాన్సరు. బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు, ఫోలిక్ ఆమ్లం రక్తానికి మంచిదైతే ల్యుకేమియా పిల్లలకూ మంచిదేమోనని ఆ జాతి మందులు ఇచ్చి చూశాడు. జబ్బు తగ్గకపోగా జోరందుకున్నట్టు కనబడింది. ఇక్కడ దాచుకునే అవకాశం ఉంది. ఆయన దాచలేదు, ఆలోచించాడు. ఇస్తే పెరిగేది, అడ్డుకుంటే తగ్గాలి కదా? సుబ్బారావు బృందం ఫోలిక్ ఆమ్లాన్ని పోలి ఉండి దాని పని చేయనివ్వని మందు తయారు చేసింది. తాళంలో దూరుతుంది గాని తిరగని తాళంచెవి లాంటిది. పేరు అమినోప్టెరిన్. క్యాన్సరు కణం విపరీతంగా విభజన చెందాలి, దానికి ఫోలేట్ కావాలి. తాళంలో తప్పుడు చెవి ఇరుక్కుంటే ఆ పని ఆగిపోతుంది. 1948 జూన్‌లో ఫార్బర్ ప్రచురించిన వ్యాసంలో 16 మంది పిల్లలకు ఈ మందు ఇస్తే 10 మందికి మేలు కనబడిందని ఉంది. ఆ మేలు తాత్కాలికమేనని వ్యాసం శీర్షికలోనే నిజాయితీగా చెప్పారు. అంతకు ముందు ఆ జబ్బు వచ్చిన పిల్లవాడికి డాక్టర్లు చేయగలిగింది దాదాపు ఏమీ లేదు. ఆ వ్యాసం పైన ఐదు పేర్లున్నాయి. సుబ్బారావు పేరు అందులో లేదు. రెండు నెలలకు, ఆగస్టులో, నిద్రలోనే కన్నుమూశారు. వయసు 53.

అమినోప్టెరిన్ తమ్ముడు మెతోట్రెక్సేట్. అదీ అదే ప్రయోగశాలలో పుట్టింది. హిందూపురంలోనో ధర్మవరంలోనో రైలెక్కి, పిల్లవాణ్ణి ఒళ్ళో పెట్టుకుని బెంగుళూరు కిద్వాయ్ ఆసుపత్రికి వెళ్ళే తల్లిదండ్రులను మీరు చూసే ఉంటారు. ఆ పిల్లలకు ఇచ్చే మందులలో మెతోట్రెక్సేట్ నేటికీ ఒకటి. వెన్నులోకి ఎక్కించే సూదిలో కూడా అదే. నేడు సకాలంలో మంచి వైద్యం అందితే ఆ పిల్లలలో ఎక్కువమంది కోలుకుంటున్నారు.

ఈ మందు పెద్ద మోతాదులో ఇచ్చినప్పుడు మంచి కణాలు కూడా చచ్చిపోకుండా కాపాడడానికి తరువాత ఇంకొక మందు ఇస్తారు. పేరు ఫోలినిక్ ఆమ్లం, లూకోవోరిన్ అని కూడా అంటారు. మూసుకున్న వాకిలిని వదిలి దొడ్డిదారిన లోపలికి వచ్చే ఫోలేట్ అన్నమాట. ఇప్పుడు ఆటిజం ఉన్న పిల్లల విషయంలో వినబడుతున్నది ఈ మందు పేరే. కొందరు పిల్లల రక్తంలో, ఫోలేట్‌ను మెదడుకు చేర్చే మార్గానికి అడ్డుపడే ప్రతిరక్షకాలు ఉన్నట్టు ఈ శతాబ్దం మొదటి దశకంలో కనుగొన్నారు. దొడ్డిదారిన వెళ్ళే ఫోలేట్ ఇస్తే? అమెరికాలో 48 మంది పిల్లల మీద జరిగిన ఒక పరీక్షలో మాటలు కొంత మెరుగయ్యాయని 2016లో రాశారు. 2025 సెప్టెంబరులో అమెరికా ప్రభుత్వమే ఈ మందు పేరు గట్టిగా చెప్పడంతో ప్రపంచమంతటా తల్లిదండ్రులు మందుల షాపుల చుట్టూ తిరగడం మొదలుపెట్టారు. జరిగిన పరీక్షలు చిన్నవి, కొద్ది, ఆటిజం ఉన్న పిల్లలందరికీ ఇది మందు కాదు అని వైద్యులు హెచ్చరిస్తున్నారు. మీ ఇంట్లో అటువంటి బిడ్డ ఉంటే, దయచేసి ఎవరో చెప్పారని కొని వేయకండి. నిమ్హాన్స్‌లోనో సెయింట్ జాన్స్‌లోనో నిపుణులకు చూపించి అడగండి.

ఇంతా చెప్పింది ఎందుకంటే, భీమవరం మనిషి చేసిన పని ఒక చివర రక్త క్యాన్సరు దగ్గరా, ఇంకొక చివర ఆటిజం దగ్గరా తగులుతోంది. కాని రెండు జబ్బుల గురించి వచ్చిన వ్యాసాల జాబితాలు తిరగేస్తే ఆయన పేరు దాదాపు దొరకదు. ఆయన ప్రచారం కోరలేదనీ, తన పేరు వెనక్కి పెట్టి చిన్నవారి పేర్లు ముందు పెట్టేవారనీ ఆయన జీవితం రాసినవారు చెబుతారు. మన భారత ప్రభుత్వం ఆయన తపాలా బిళ్ళ వేసింది కూడా శతజయంతి నాడు, 1995లో.

పెనుకొండ పిల్లకు సలహా ఇచ్చిన పెద్దమనిషి ఇది వింటే "చూశావా, అదీ వినయం" అంటాడు. నేను ఒప్పుకుంటాను, సగం వరకే. కుడిచేయి చేసే దానం ఎడమచేయికి తెలియకూడదని ప్రభువు కొండమీద చెప్పిన మాట నిజమే. అయితే అదే కొండమీద, అదే ప్రసంగంలో, దీపం వెలిగించి కుంచం క్రింద పెట్టేవాడు ఉండడని కూడా చెప్పారు. రెండూ మత్తయి రాసినవే. ఒకదానికొకటి అడ్డం కాదు. దానం చేసినవాడి గురించి ఒక మాట, వెలుగు అవసరమైన ఇంటివారి గురించి ఇంకొక మాట. సుబ్బారావు వేరు చేసిన పదార్థాలు అణగిపోయినప్పుడు నష్టపోయింది సుబ్బారావు ఒక్కడే అయితే, ఆయన క్షమిస్తే సరిపోయేది. కాని వాటిని ఇతరులు మళ్ళీ కనిపెట్టే దాకా గడిచిన ఏళ్ళు ఉన్నాయే, అవి ఆయనవి కావు. రోగులవి. పేరుతోపాటు నిజం కూడా పాతిపెట్టేస్తే దాన్ని వినయం అనడానికి నాకు నోరు రాదు.

ఇంకొక ఉదాహరణ చెప్పాలి. మన ఇంటిదే కాబట్టి చెప్పడం కష్టం, కాబట్టే చెప్పాలి. జెరోమ్ లెజ్యూన్ అనే ఫ్రెంచి వైద్యుడు గొప్ప కతోలికుడు. డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లలను ప్రేమించి, గర్భంలోనే వారిని చంపకూడదని లోకమంతా ఎదురు తిరిగినా నిలబడి వాదించినవాడు. ఆ పిల్లలకు ఇతర పిల్లలకంటే ల్యుకేమియా ముప్పు ఎక్కువ. 1980లలో ఈయన, ఆటిజం లక్షణాలు కనబడే ఫ్రాజైల్ ఎక్స్ అనే జన్యులోపం ఉన్న పిల్లలకు ఫోలిక్ ఆమ్లం ఇచ్చి చూశాడు కూడా. జీవన రక్షణ కోసం రెండవ జాన్ పాల్ పోపుగారు స్థాపించిన పరిషత్తుకు మొదటి అధ్యక్షుడు. 1994 ఈస్టరు పండుగ నాడు మరణించాడు. 2021 జనవరిలో శ్రీసభ ఆయనను 'పూజనీయుడు' అని ప్రకటించింది.

డౌన్ సిండ్రోమ్ పిల్లల కణాలలో 46 బదులు 47 క్రోమోజోములు ఉంటాయన్న వ్యాసం 1959 జనవరిలో వచ్చింది. అందులో మొదటి పేరు లెజ్యూన్‌ది. రెండవది మార్త్ గోతియే అనే డాక్టరమ్మది. ఆమె పేరు తప్పు అచ్చయింది. మార్త్ అని ఉండవలసిన చోట మారీ అని వేశారు, ఇంటిపేరులో ఒక అక్షరం అదనంగా చేర్చారు. అమెరికాలో కణాలను పెంచే విద్య నేర్చుకుని వచ్చి, పారిస్‌లో ఆ ప్రయోగశాలను స్వయంగా అమర్చి, ఆ అదనపు క్రోమోజోము మొదట చూసింది తనేననీ, ఫోటోలు తీయించి తెస్తానని లెజ్యూన్ స్లైడ్లు పట్టుకువెళ్ళాడనీ, తరువాత కథ తన చేతిలో లేకుండా పోయిందనీ ఆమె యాభై ఏళ్ళు గడిచాక 2009లో రాసింది. 2014లో ఫ్రాన్సు వైద్య పరిశోధన సంస్థ నైతిక సంఘం ఆమె వైపు మొగ్గింది. లెజ్యూన్ పేరిట ఉన్న సంస్థ దీన్ని ఒప్పుకోలేదు, లెజ్యూన్ ఉత్తరాలు, నోటుపుస్తకాలు చూపించి వాదిస్తోంది. గోతియే 2022లో, 96 ఏళ్ళ వయసులో మరణించింది.

ఎవరిది ఎంత అని తీర్పు చెప్పడానికి నేను ఎవరిని? ఒక్కటి మాత్రం చెప్పగలను. ఒక మనిషి జీవితం మొత్తం మీద పవిత్రుడా కాదా అని శ్రీసభ చూసేది వేరు, 1958లో ఒక స్లైడు ఎవరు తయారు చేశారన్నది వేరు. లెజ్యూన్‌గారిని గౌరవించడానికి గోతియేగారిని మరచిపోవలసిన అవసరం లేదు. ఆమె మాట విన్నందుకు ఆయన పుణ్యం తరిగిపోదు. మనవాళ్ళ విషయం వచ్చేసరికి మనకు సందేహించే అలవాటు పోతుంది, అదే నాకు భయం.

పేరు లేకుండా పోవడం ఒక తప్పయితే, పని చేయకుండా పేరు ఉండడం ఇంకొకటి. రెండవదాన్ని మనం నవ్వి ఊరుకుంటాం. మెడికల్ కాలేజీలలో పదోన్నతి కావాలంటే వ్యాసాలు ఉండాలన్న నిబంధన ఉంది. పాపం, ఇంట్లో ఆడపిల్లల పెళ్ళిళ్ళున్న ప్రొఫెసరు ఏం చేస్తాడు, ఒక పేరు చేరిస్తే ఏం పోయింది అంటాం. పోయేది ఏమిటో 1998లో లండన్‌లో తెలిసింది. ఆండ్రూ వేక్‌ఫీల్డ్ అనే డాక్టరు, 12 మంది పిల్లల కేసులు చూపించి, పొంగు మొదలైన మూడు జబ్బులకు కలిపి వేసే టీకాకు, ఆటిజానికి సంబంధం ఉందన్నట్టు పేరున్న పత్రికలో రాశాడు. ఆ వ్యాసం పైన ఆయన పేరుతో కలిపి 13 పేర్లు! తల్లులు భయపడి టీకాలు మానేశారు. వదిలిపోయిందనుకున్న పొంగు మళ్ళీ వచ్చింది. 2004లో ఒక విలేఖరి కూపీ లాగాక, అందులో పదిమంది మేము ఆ నిర్ణయానికి కట్టుబడి లేమని వెనక్కి తగ్గారు. 2010లో పత్రిక వ్యాసాన్నే రద్దు చేసింది, వేక్‌ఫీల్డ్ డాక్టరీ పట్టా పోయింది. టీకాకు, ఆటిజానికి సంబంధం లేదని లక్షలాది పిల్లలను చూసిన పరిశోధనలు తేల్చాయి. కాని భయం మాత్రం మన వాకిళ్ళ దాకా వచ్చింది, ఇంకా పోలేదు. ఆ పదిమందీ ఆరేళ్ళ క్రితమే గట్టిగా అడిగి ఉంటే?

మన దగ్గర అప్పు పత్రం మీద జామీను సంతకం పెట్టేవాడికి తెలుసు, సంతకం అంటే ఏమిటో. అప్పు తీసుకున్నవాడు పారిపోతే వచ్చి పట్టుకునేది తననే. వ్యాసం మీద పేరు కూడా అటువంటి జామీనే. ఇందులో రాసింది నిజం, తప్పయితే నన్ను అడగండి అని రోగికి ఇచ్చే మాట. వైద్య పత్రికల సంపాదకుల అంతర్జాతీయ సంఘం నియమాలు కూడా దాదాపు ఇదే చెబుతాయి. పనిలో నిజమైన భాగం ఉండాలి, రాతలో భాగం ఉండాలి, చివరి ప్రతిని చదివి ఒప్పుకోవాలి, మొత్తానికి జవాబుదారీ వహించాలి. నాలుగూ ఉన్నవారు కర్తలు, మిగిలినవారికి కృతజ్ఞతలు. గాజు గొట్టాలు కడిగిన ప్రతివారూ కర్తలు కావాలని నేను అనడం లేదు. పద్ధతి కనిపెట్టి, ఫలితం తేల్చిన మనిషికి రాతలో, ఒప్పుకోలులో చోటు ఇవ్వకుండా ముందే తలుపు వేసి, ఆ తరువాత నీకు అర్హత లేదనడం న్యాయమా అని అడుగుతున్నాను.

ఇక ఆ అమ్మాయికి చెప్పింది. తల్లీ, నీ పేరు నీ సొంతం. ఐదవ చోటికి పొమ్మంటే పో, అసలు వద్దనుకుంటే వదులుకో, అది వినయమే కావచ్చు. ఆ అక్క పేరు నీ సొంతం కాదు. నీది కానిదాన్ని దానం చేస్తే దాన్ని దానం అనరు. కోత కోసిన కూలివాడికి ఆపిన కూలి దేవునికి మొర పెడుతుందని పునీత యాకోబుగారు రాసింది చదువు. కూలి అంటే ఎప్పుడూ రూపాయలే కానక్కరలేదు. పని చూడని పెద్దాయన పేరు నీ చేత్తో టైపు చేస్తున్నావే, అది ఎనిమిదవ ఆజ్ఞ పరిధిలోకి వస్తుంది. చిన్న అబద్ధమే అనుకో, కాని అది అబద్ధ సాక్ష్యమే. సీరా పుత్రుడైన యేసు జ్ఞానగ్రంథం ముప్పై ఎనిమిదవ అధ్యాయం తీసి చూడు. వైద్యుణ్ణి గౌరవించమని మొదలై, దున్నేవాడు, చెక్కేవాడు, కమ్మరి, కుమ్మరి దగ్గర ముగుస్తుంది. వారిని సభలకు పిలవరు గాని వారు లేకుండా ఏ పట్టణమూ నిలవదని ఉంటుంది. డాక్టరునూ పనివాణ్ణీ ఒకే అధ్యాయంలో పెట్టినవాడు తెలియక పెట్టలేదు.

చెప్పడం నాకు సులభం. నాకు పోయేది లేదు. ఆ పిల్లకు నాలుగేళ్ళు పోతాయి, గైడుగారి సిఫారసు పోతుంది. వాళ్ళ నాన్న ఎర్రమంచి కార్ల ఫ్యాక్టరీకి సామాను తోలే లారీ నడిపి చదివిస్తున్నాడు. అందుకే వీధికెక్కమని చెప్పలేదు. తప్పు చేసిన సహోదరుడితో ముందు ఒంటరిగా మాట్లాడమన్నారు ప్రభువు. గైడుగారి గదికి వెళ్ళి తలుపు దగ్గరగా వేసి, అక్క చేసిన పని ఇదీ అని తేదీలతో సహా చూపించమన్నాను. పెద్దాయన పేరు ఉండాలంటే ఆయనకు వ్యాసం ఇచ్చి చదివించమని అడగమన్నాను. ఒప్పుకోకపోతే? "అప్పుడు ఆ వ్యాసం వెనక్కి తీసుకోవాలా చిన్నాయనా?" అని అడిగింది. ఇక్కడ నేను తడబడ్డాను. అందులో పిల్లలకు పనికివచ్చే నిజం ఉంది. దాన్ని ఆపడానికి నాకు మనసు రాలేదు. వ్యాసం పంపు, కాని నీ థీసిస్‌లో ఎవరూ ఆపలేని చోట అక్క పని మొత్తం రాయి అన్నాను. ఇది పూర్తి జవాబు కాదు. విచారణ గురువులను కూడా అడిగాను. ఆయన చాలాసేపు ఆలోచించి, నేనైనా అంతకంటే చెప్పలేనేమో అన్నారు.

ఈస్టరు తరువాత రెండవ వారం ఫోను వచ్చింది. గైడుగారు మొదట చిరాకు పడ్డారట. రెండు రోజులు మాట్లాడలేదు. మూడవ రోజు పిలిచి, "చిత్తు ప్రతి ఆమెకు ఇవ్వు, చదివి దిద్దమను. పేరు ఎలా రాయాలో కూడా అడిగి రా" అన్నారు. పెద్దాయన పేరు అలాగే ఉంది. ఆయన చదివాడో లేదో తెలియదు. ఈ పిల్ల దాని గురించి ఇంకా అడగాలి, ధైర్యం కూడదీసుకుంటోంది.

చిత్తు ప్రతి ఇస్తే ఆ అక్క మూడు చోట్ల అంకెలు దిద్దిందట. వాటిలో ఒకటి పెద్ద తప్పే. పేరు ఎలా వేయాలమ్మా అంటే చాలాసేపు తేల్చుకోలేకపోయింది. మన తెలుగువాళ్ళకు ఇదొక తంటా. ఇంటిపేరు ముందా వెనకా? పూర్తిగానా, పొడి అక్షరమా? యల్లాప్రగడవారి అబ్బాయి కూడా అమెరికాలో సుబ్బారావు అన్న సొంత పేరే ఇంటిపేరై మిగిలాడు. చివరికి ఒక కాగితం మీద ఇంగ్లీషులో పెద్ద అక్షరాలతో రాసి ఇచ్చి, "అచ్చులో తప్పు పోకుండా చూడు చెల్లీ" అందట.